భోగి మంటలో వెయ్యకూడని పాత సామాను: ఇంటి బ్యాటరీల కథ



భోగి దగ్గర పడుతోంది. ఇల్లు దులపడం, సున్నం కొట్టడం, అటక మీది పాత సామాను దించడం అందరి ఇళ్లలోనూ మొదలై వుంటుంది. పోయిన నెల కూటంలో ఒక అక్కయ్య అడిగారు: "చార్జింగు పెట్టే టార్చి లైటు, దోమల బ్యాటు, గడ్డం గీసే మిషను, ఇవన్నీ చెడిపోయి సంచి నిండా వున్నాయి. వీటిని ఏం చెయ్యాలి?" ఒక తమ్ముడు నవ్వుతూ "భోగి మంట వుందిగా అక్కా" అన్నాడు. నవ్వుకే అన్నాడు. కానీ ఆ మాట నిజంగా చేసేవాళ్లు మన వీధుల్లో వున్నారు. అందుకే ఈ వ్యాసం.

జవాబు ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: కాల్చకూడదు, పగలగొట్టకూడదు, చెత్తబుట్టలో వెయ్యకూడదు, విడిగా దాచి సరైనవాళ్ల చేతికి ఇవ్వాలి. అయితే ఎందుకు అని తెలియకపోతే ఆ వాక్యం చెవిలో దూరి ఇంకో చెవిలో బయటకు పోతుంది. ఎందుకు అన్నది తెలియాలంటే 160 ఏళ్ల కథ వినాలి. నేను రైల్వే స్టోర్సులో గుమాస్తాగా చేసి రిటైరైనవాణ్ణి. బ్యాటరీ తయారుచెయ్యడం నాకు రాదు. కానీ పాత బ్యాటరీ ఏ దారిన వచ్చి ఏ దారిన పోవాలో కాగితాల మీద చాలా ఏళ్లు చూశాను. ఆ దారి గురించే రాస్తున్నాను. కొంచెం పొడుగు. కాఫీ పెట్టుకుని చదవండి.

మొదట మన తాతల ఇల్లు తలుచుకోండి. ఆ ఇంట్లో పారెయ్యాల్సిన సామాను అంటూ పెద్దగా లేదు. ఇత్తడి బిందెకు చిల్లు పడితే మాటు వేయించేవాళ్లు. మాటుకు కూడా పనికిరాకపోతే పాత్రల అంగట్లో తూకానికి వేసి కొత్తది తెచ్చుకునేవాళ్లు. చిరిగిన చీర బొంత అయ్యేది. బొంత చిరిగితే మసిగుడ్డ అయ్యేది. మన వీధుల్లోకి బండి తోసుకుంటూ వచ్చే మనిషి కేక ఈ వయసువాళ్లందరికీ గుర్తుండాలి: పాత ఇనుముకు, ఈయానికి, ఇత్తడికి పేరీచ్చంపళం! అంటే ఖర్జూరం. తుప్పు పట్టిన మేకులు ఇచ్చి పిల్లలం గుప్పెడు ఖర్జూరం తెచ్చుకునేవాళ్లం. ఆ బండి సామాను కాయలాన్ కడైకి పోయేది. కాయల్‌పట్టణం వర్తకుల వల్ల ఆ పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. అక్కడి నుండి కరిగించే బట్టీకి పోయేది. మళ్లీ సామాను అయి అంగడికి వచ్చేది.

అంటే పాత సామాను తిరిగి పోయే దారి మనకు ముందునుండీ వుంది. అది ఈ మధ్య గవర్నమెంటు కనిపెట్టింది కాదు.

ఇందులోనే ఇంకో విషయం వుంది. తమిళంలో ఈయం రెండు రకాలు. వెళ్లీయం అంటే తగరం, కారీయం అంటే సీసం. మన ఇళ్లలో రసం కాచే ఈయ సొంబు వెళ్లీయంతో చేసింది. ఇత్తడి పాత్రకు పూసే కళాయి కూడా తగరమే. అందులో సీసం కలిపి మోసం చేస్తారని మన అవ్వలు కళాయివాణ్ణి ఎదురుగా కూచోబెట్టి పూయించేవాళ్లు. సీసం వంటింట్లోకి రాకూడదని వాళ్లకు ఏ ల్యాబొరేటరీ చెప్పలేదు. అనుభవం చెప్పింది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఇక బ్యాటరీ కథ. 1800లో ఇటలీవాడు వోల్టా మొదటి బ్యాటరీ చేశాడు. అది ఒకసారి అయిపోతే అంతే. 1859లో ఫ్రాన్సు దేశంలో గాస్టన్ ప్లాంటే అనే ఆయన రెండు సీసం రేకుల్ని గంధకామ్లంలో ముంచి, అయిపోయిన తరువాత మళ్లీ కరెంటు ఎక్కించగల బ్యాటరీని చేశాడు. చార్జింగు పెట్టే బ్యాటరీలన్నిటికీ అదే మూలపురుషుడు. మీ స్కూటర్లో, ఇన్వర్టర్లో వున్నది ఇప్పటికీ ఆ వంశమే.

ఆ వంశం మన దేశంలో సామాన్యుడి దగ్గరికి వచ్చింది రైలు పెట్టె ద్వారా. మొదట్లో రైలు పెట్టెల్లో నూనె దీపాలు. 1890లలో లండన్‌కు చెందిన స్టోన్ కంపెనీ ఒక పద్ధతి తెచ్చింది. పెట్టె ఇరుసుకు బెల్టు తగిలించి డైనమో తిప్పుతారు. రైలు పరిగెత్తేటప్పుడు డైనమో దీపాలు వెలిగించి బ్యాటరీని నింపుతుంది. స్టేషన్‌లో రైలు ఆగినప్పుడు బ్యాటరీ దీపాలు వెలిగిస్తుంది. పాత రోజుల్లో రైలు ఆగగానే లైటు మసకబారి ఫ్యాను నెమ్మదించడం మీరు చూసే వుంటారు. అది పెట్టె కింద బ్యాటరీ పని మొదలుపెట్టిందని గుర్తు. 1955 అక్టోబర్ 2న పెరంబూరులో ఐ.సి.ఎఫ్. ప్రారంభమైన తరువాత మన దగ్గరే తయారైన పెట్టెలకు కూడా ఇదే ఏర్పాటు వచ్చింది. పెరంబూరు, వ్యాసర్‌పాడి చుట్టుపక్కల మనవాళ్ల కుటుంబాలు ఎన్నో ఆ వర్క్‌షాపుల అన్నం తిన్నవే. ఏ.సి. పెట్టె కింద వుండే బ్యాటరీలు 1100 ఆంపియర్-అవర్ల సామర్థ్యం గలవి. మన ఎమర్జెన్సీ లైటులోది నాలుగు, నాలుగున్నర. ఏనుగుకూ ఎలుకకూ వున్నంత తేడా. కానీ రెండింట్లోనూ వున్నది సీసం, ఆసిడ్.

రైల్వేలో ఆ ఏనుగును ఎలా చూసుకునేవాళ్లో చెబుతాను. లైటింగు డిపోలో మనిషి రబ్బరు గ్లవుసు వేసుకుని డిస్టిల్డ్ వాటరు పోసేవాడు. హైడ్రోమీటరుతో ఆసిడ్ బలం కొలిచేవాడు. రీడింగు రిజిస్టరులో రాసేవాడు. బ్యాటరీ ఆయుస్సు తీరితే దాన్ని ఎక్కడంటే అక్కడ పడెయ్యడం లేదు. పనికిరాదని అధికారి సంతకం కావాలి. డి.ఎస్.8 అనే వాపసు చీటీ మీద స్టోర్సుకు రావాలి. ఎన్ని సెల్లులు, ఎంత తూకం, అన్నీ లెక్క. లెక్కలో తేడా వస్తే గుమాస్తా మెడకు చుట్టుకుంటుంది. అక్కడి నుండి వేలం. 2001 తరువాత ఆ వేలంలో ఎవరు పడితే వాళ్లు పాడకూడదు, రిజిస్టర్ అయిన రీసైక్లరు మాత్రమే పాడాలని చట్టం వచ్చింది.

పార్సిల్ ఆఫీసులో పనిచేసిన మన సభ్యులకు రెడ్ టారిఫ్ తెలుసు. రైల్లో ఏ ప్రమాదకర సామాను ఎలా కట్టాలి, ఏది ఏదాని పక్కన పెట్టకూడదు అని చెప్పే పుస్తకం. ఆసిడ్‌కు ఒక నియమం, పేలేవాటికి ఒక నియమం, నిప్పు అంటుకునేవాటికి ఒక నియమం. రైల్వే చట్టం 164వ సెక్షను ప్రకారం అలాంటి సామాను అక్రమంగా రైలెక్కిస్తే 3 ఏళ్ల దాకా జైలు పడవచ్చు. ఇంత కట్టుదిట్టం ఎందుకంటే ప్రమాదం సామాను సైజులో లేదు, దాని గుణంలో వుంది. ఏనుగుకు మావటివాడు వున్నాడు. ఎలుకకు ఎవరూ లేరు. మన ఇంట్లోకి వచ్చినవన్నీ ఎలుకలే.

అవి ఎప్పుడు వచ్చాయి? మన చిన్నప్పుడు ఇంట్లో వున్నది మూడు సెల్లుల టార్చి, ట్రాన్సిస్టర్ రేడియో. వాటిలోని సెల్లు 1866 నాటి లెక్లాంషే అనే ఫ్రెంచి ఆయన కనిపెట్టిన రకం. జింకు డబ్బా, మధ్యలో బొగ్గు కడ్డీ. చార్జింగు లేదు. బలం తగ్గితే ఎండలో పెట్టేవాళ్లు, ఇంకో నాలుగు రోజులు లాగేది. అయిపోతే పిల్లలు పగలగొట్టి కడ్డీ తీసి గోడ మీద గీతలు గీసేవాళ్లు. పాత సెల్లు పగలగొట్టడం ఆట అనే అలవాటు మన తరానికి అక్కడే పడింది. ఆ అలవాటు ఈ కాలపు బ్యాటరీల దగ్గర ప్రాణం మీదికి తెస్తుంది.

తరువాత వచ్చింది నికెల్-కాడ్మియం. 1899లో స్వీడన్ దేశంలో యుంగ్నర్ అనే ఆయన చేశాడు. ఇళ్లల్లోకి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. గడ్డం గీసే మిషను, కార్డ్‌లెస్ ఫోను, చార్జింగు పెట్టే పెన్ సెల్లులు, వీటిలో అదే. వందలసార్లు చార్జింగు పెట్టవచ్చు. గట్టి రకం. కానీ అందులో కాడ్మియం అనే లోహం వుంది.

కాడ్మియం ఏం చేస్తుందో జపాన్‌వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. టొయామా జిల్లాలో జింజు నది వుంది. పైన కమియోకా గని. గని నీళ్లతో కాడ్మియం నదిలోకి వచ్చింది. నది నీళ్లు వరిమళ్లకు, వరిమళ్ల నుండి బియ్యంలోకి, బియ్యం నుండి ఒంట్లోకి. మూత్రపిండాలు చెడి, ఎముకలు మెత్తబడి, కదిలితే విరిగేవి. ఎక్కువగా బాధపడ్డది పిల్లలను కన్న పెద్దవయసు ఆడవాళ్లు. వాళ్లు అరిచిన అరుపే ఆ జబ్బుకు పేరయింది: ఇతై-ఇతై. అంటే నొప్పి, నొప్పి. 1968లో జపాన్ ప్రభుత్వం కారణం కాడ్మియం అని ఒప్పుకుంది. అది గని వల్ల వచ్చింది, బ్యాటరీ వల్ల కాదు. అయినా ఆ లోహం మట్టిలోకి, నీళ్లలోకి చేరితే అన్నంలోకి తిరిగి వస్తుందని ప్రపంచం నేర్చుకున్నది అక్కడే. బియ్యం తినే మనకు ఆ పాఠం దూరపుది కాదు.

ఇక తమిళనాడులో మన ఇళ్లు చార్జింగు సామానుతో నిండిన కాలం అందరికీ గుర్తే. 2008 నుండి కరెంటు కోతలు. 2012లో చెన్నైలో రోజుకు 2 గంటలు, మిగతా జిల్లాల్లో 10 గంటలు దాటిన రోజులు కూడా వున్నాయి. కోయంబత్తూరు, మదురై, తిరుచ్చి సభ్యులు ఆ రోజుల్ని మరిచిపోరు. స్తోమత వున్నవాళ్లు ఇన్వర్టరు పెట్టుకున్నారు. లేనివాళ్లు ఎమర్జెన్సీ లైటు, చార్జింగు టార్చి, చార్జింగు ఫ్యాను కొన్నారు. పిల్లల పరీక్షలు వాటి వెలుతురులోనే గడిచాయి. వాటి మీద కోపం పడడానికి లేదు. ఆ వెనకే వీధి వీధికీ దోమల బ్యాటు వచ్చింది, మన కొసు బ్యాటు. ఈ సామానులో చాలావాటి లోపల వున్నది చిన్న సీల్డ్ సీసం బ్యాటరీ. రెండేళ్లకో మూడేళ్లకో చార్జింగు నిలవడం మానేస్తుంది. బాగు చేయించే ఖర్చు కన్నా కొత్తది చవక. పాతది అటక ఎక్కుతుంది.

ఇక్కడ ఒక తేడా గమనించండి. లారీ బ్యాటరీ, ఇన్వర్టర్ బ్యాటరీ చెడిపోతే ఎవరూ అటక ఎక్కించరు. దాని బరువులో సగానికి పైగా సీసమే. కొత్తది కొనేటప్పుడు కొట్టువాడు పాతదానికి ధర తగ్గిస్తాడు. అలా తగ్గించి పాతది వెనక్కి తీసుకోవాలని 2001 చట్టంలోనే వుంది. అందువల్ల ఆ ఏనుగు దారి తప్పదు. దోమల బ్యాటులోని బ్యాటరీ కాయలాన్ కడైలో రెండు రూపాయలకు కూడా పోదు. ధర లేని సామానుకు దారి లేదు. మన సమస్య అంతా ఈ ఒక్క మాటలో వుంది.

చివరగా లిథియం. 1970లలో విట్టింగ్‌హామ్, 1980లో గుడ్‌ఇనఫ్, 1985లో జపాన్‌కు చెందిన యోషినో, ఒకరి పని మీద ఒకరు కట్టుకుంటూ పోయారు. 1991లో సోనీ కంపెనీ దాన్ని అమ్మకానికి పెట్టింది. ఆ ముగ్గురికీ 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. తక్కువ బరువులో ఎక్కువ శక్తి. సెల్‌ఫోను, పవర్ బ్యాంకు, చెవిలో పెట్టుకునే వైరు లేని ఇయర్‌ఫోను, ఇప్పటి ట్రిమ్మరు, అన్నిట్లోనూ అదే. 2011లో తమిళనాడు ప్రభుత్వం విద్యార్థులకు ఉచిత ల్యాప్‌టాప్ ఇవ్వడం మొదలుపెట్టింది కదా, ఆ ల్యాప్‌టాప్‌ల బ్యాటరీలు కూడా అదే జాతి. ఆ పిల్లలు ఉద్యోగాలకు వెళ్లిపోయారు. ఆ బ్యాటరీలు ఎన్నో ఇంకా బీరువాల్లోనే వున్నాయి.

లిథియం గుణం వేరు. లోపల రెండు పొరల మధ్య కాగితం లాంటి పల్చని ప్లాస్టిక్ అడ్డు వుంటుంది. సుమారు 130 డిగ్రీలకు అది కరుగుతుంది. గుచ్చినా, నలిపినా చిరుగుతుంది. రెండు పొరలు తగిలితే లోపలే వేడి పుట్టి, ఆ వేడి ఇంకా వేడిని పుట్టించి, నిమిషాల్లో మంట. లోపలి ద్రవం మండే రకం. కాలినప్పుడు వచ్చే పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే విషవాయువు వుంటుంది. 2013లో బోయింగ్ 787 విమానాలన్నిటినీ ప్రపంచమంతా నేల మీద ఆపేశారు, కారణం లిథియం బ్యాటరీలు. 2016లో ఒక పెద్ద కంపెనీ కొత్త ఫోను మంటలు అంటుకుని మొత్తం మోడల్‌నే వాపసు తీసుకోవాల్సి వచ్చింది. అంత పెద్ద ఇంజనీర్లు కట్టినవే అలా అయితే, చెత్త లారీలో ఇనుప పళ్ల కింద నలిగే మన పాత ట్రిమ్మరు మాట చెప్పాలా? అది పేలితే ఎదురుగా నిలబడి వుండేది మనం కాదు. పొద్దున్నే మన చెత్త ఎత్తుకుపోయే మనిషి.

ఇప్పుడు భోగి మంట దగ్గరికి వద్దాం. సీసం 327 డిగ్రీలకు కరుగుతుంది. కాడ్మియం 321కి కరిగి, 767కి ఆవిరి అవుతుంది. బాగా రాజుకున్న కట్టెల మంట 600 దాటుతుంది, నడిమధ్య ఇంకా ఎక్కువ. అంటే మంటలో వేసిన దోమల బ్యాటు నుండి సీసం కరిగి మట్టిలోకి దిగుతుంది. కొంత బూడిదలో, పొగలో కలుస్తుంది. పాత ట్రిమ్మరు నుండి కాడ్మియం పొగ లేస్తుంది. లిథియం అయితే పేలుతుంది. ఆ మంట చుట్టూ చలికాగుతూ, డప్పు కొడుతూ నిలబడేది ఎవరు? పిల్లలు. సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది, ఇంతవరకు పరవాలేదు అనే హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కళాయివాడి సీసాన్ని గడప దాటనివ్వని అవ్వల మనవలం, అదే సీసాన్ని పండుగ పొగగా పిల్లలకు పట్టిస్తే ఎలా?

2018 భోగి రోజు పొగకు చెన్నై విమానాశ్రయంలో విమానాలు దిగలేక దారి మళ్లాయి. టైర్లు, ప్లాస్టిక్ కాల్చవద్దని కాలుష్య నియంత్రణ మండలి ప్రతి ఏడూ చెబుతుంది. ఆ జాబితాలో బ్యాటరీ సామానును మన ఇంటి వరకు మనమే చేర్చుకోవాలి. భోగి మంటలో మన పెద్దలు వేసింది పిడకలు, ఎండుకట్టెలు, పాత చాపలు, తాటాకులు. అవి మట్టిలో పుట్టి మట్టిలో కలిసేవి. పాతది పోవాలి అన్నది సంప్రదాయం. పాతది పొగగా ఊపిరిలోకి రావాలి అన్నది సంప్రదాయం కాదు.

చెత్తబుట్టలో వేస్తే? చెన్నై చెత్త కొడుంగైయూరుకో పెరుంగుడికో పోతుంది. 2022 ఏప్రిల్‌లో పెరుంగుడి చెత్తకుప్ప అంటుకుని రోజుల తరబడి పొగ. ఒకసారి చెత్తకొండ అంటుకుంటే ఆర్పడం ఎంత కష్టమో అప్పుడు చూశాం. కాయలాన్ కడైలో వేస్తే? అక్కడి కుర్రవాడు సుత్తితో పగలగొట్టి రాగి వైరు తీసుకుని మిగతాది పక్కన పారేస్తాడు. ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాదులో ఇలాగే ఎలక్ట్రానిక్ సామాను కాల్చి లోహం తీసే పని రామగంగా ఒడ్డున ఏళ్ల తరబడి జరిగింది. నదీ, నేలా చెడ్డాయి. కాయలాన్ కడైవాళ్ల తప్పు నేను ఎంచడం లేదు. మన దేశంలో ఇనుము, కాగితం, ఇత్తడి వృథా కాకుండా కాపాడింది వాళ్లే. వాళ్ల పాత విద్యకు ఈ కొత్త సామాను లొంగదు, అంతే.

చట్టం ఈ ఎలుకల వైపు చూడడానికి చాలా కాలం పట్టింది. విషపు చెత్తను ఒక దేశం ఇంకో దేశం మీద దించకూడదని 1989లో బాసెల్ ఒప్పందం. మన దేశం 1992లో చేరింది. 2001 బ్యాటరీ నియమాలు సీసం బ్యాటరీలకు మాత్రమే. ఈ-చెత్త నియమాలు 2011లో వచ్చి 2012 మే 1 నుండి అమలు. 2016లో మార్చారు. 2022లో మళ్లీ కొత్తవి రాసి 2023 ఏప్రిల్ 1 నుండి అమలు చేశారు. 2022 ఆగస్టులోనే బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు వచ్చాయి. లిథియం, కాడ్మియం, సీసం, చిన్నది, పెద్దది, అన్ని బ్యాటరీలూ ఒకే చట్టం కిందికి రావడం అదే మొదలు.

ఆ చట్టంలో మనకు కావలసినవి మూడు మాటలు. ఒకటి, తయారు చేసినవాడో దిగుమతి చేసినవాడో తన బ్యాటరీ పాతబడ్డాక సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత మొయ్యాలి. పూడ్చడం, కాల్చడం నిషేధం. రెండు, చిన్న బ్యాటరీల నుండి తిరిగి తియ్యాల్సిన లోహాల శాతం ఏటా పెంచుతూ 2026-27కు 90 దాకా లక్ష్యం పెట్టారు. మూడు, వాడుకున్న మనిషికి కూడా ధర్మం వుంది: పాత బ్యాటరీని మిగతా చెత్తలో కలపకుండా విడిగా వుంచి, సేకరించేవాళ్లకు ఇవ్వాలి. మీ సామాను మీద చక్రాల చెత్తబుట్ట బొమ్మకు అడ్డంగా కొట్టేసిన గుర్తు వుందేమో చూడండి. దాని అర్థం ఇదే. ఆ బొమ్మ కింద ఇంగ్లీషులో పి, బి అక్షరాలుంటే సీసం, సి, డి వుంటే కాడ్మియం.

రైల్వేలో ఏనుగుకు వున్న వాపసు చీటీ పద్ధతి ఇన్నేళ్లకు ఎలుకకు కూడా కాగితం మీద వచ్చింది. కాగితం నడవాలంటే ఇటు చివర ఒక మనిషి సామాను తెచ్చి ఇవ్వాలి. ఆ మనిషి మనం. ఏం చెయ్యాలో వరుసగా రాస్తున్నాను. ప్రింటు తీసి అటక తలుపుకు అంటించుకున్నా మంచిదే.

1. దించిన సామానులో చార్జింగు పెట్టేవన్నీ వేరు చెయ్యండి. టార్చి, ఎమర్జెన్సీ లైటు, దోమల బ్యాటు, ట్రిమ్మరు, పవర్ బ్యాంకు, పాత సెల్‌ఫోను, ఇయర్‌ఫోను, చార్జింగుతో నడిచే బొమ్మలు.

2. స్విచ్చి ఆఫ్ చెయ్యండి. బ్యాటరీ సులువుగా ఊడి వచ్చేదైతే తీసి విడిగా పెట్టండి. ఊడనిదైతే స్క్రూడ్రైవరు, కత్తి పెట్టి పెకలించవద్దు, సామాను అలాగే మొత్తంగా ఇవ్వండి. దోమల బ్యాటును అసలు విప్పవద్దు. ఆఫ్ చేసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్‌లో కొంతసేపు గట్టి షాకు దాగి వుంటుంది.

3. బ్యాటరీ రెండు కొనల మీద ఇన్సులేషన్ టేపు అంటించండి. ఒకటి ఇంకోదానికి తగిలి నిప్పు పుట్టకుండా ఇది చాలు. పది రూపాయల టేపు పది ఇళ్లకు వస్తుంది.

4. ఉబ్బిన బ్యాటరీ కనబడితే, అది సెల్‌ఫోనులోదైనా పవర్ బ్యాంకులోదైనా, ఇక చార్జింగు పెట్టవద్దు. నొక్కవద్దు, గుచ్చవద్దు. మట్టి కుండలో పొడి ఇసుక పోసి అందులో పెట్టి, కర్టెన్లకు, కాగితాలకు దూరంగా, ఎండ తగలని చోట బయట వుంచండి. దీన్ని అందరికన్నా ముందు అప్పగించండి.

5. ఆసిడ్ కారిన ఎమర్జెన్సీ లైటును ఉత్త చేతులతో తాకవద్దు. చేతికి తగిలితే ధారగా నీళ్లు పోసి కడగండి.

6. చెవి మిషను, బొమ్మల్లోని బొత్తాం లాంటి చిన్న సెల్లులకు టేపు చుట్టి పిల్లలకు అందని చోట పెట్టండి. మింగితే కొన్ని గంటల్లో గొంతు లోపల కాలిపోతుంది. అనుమానం వస్తే తెల్లవారే దాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

7. పాత ఫోను, ల్యాప్‌టాప్ ఇచ్చే ముందు ఫోటోలు, బ్యాంకు వివరాలు తుడిచెయ్యండి.

8. ఎవరికి ఇవ్వాలి: సామాను పెట్టె మీదో కంపెనీ వెబ్‌సైటులోనో వాపసు తీసుకునే ఫోను నంబరు వుంటుంది. సర్వీసు సెంటరులో అడగండి. రిజిస్టర్ అయిన రీసైక్లర్ల పేర్లు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వెబ్‌సైటులో దొరుకుతాయి. వార్డు ఆఫీసులో ఇంటి ప్రమాదకర చెత్త ఏ రోజు తీసుకుంటారో అడగండి. మనం అడిగితేనే అక్కడ కూడా పని కదులుతుంది.

ఒక ఇంటి సంచి కోసం రీసైక్లరు బండి రాదు. అది వాడి తప్పు కాదు, పెట్రోలు ఖర్చు కూడా రాదు. నలభై ఇళ్ల సామాను ఒక చోట వుంటే వస్తాడు. రైల్వే కూడా ఒక్కొక్క సెల్లును వేలం వెయ్యదు. కుప్ప చేసి లాటు కట్టాకే వేలం. అందుకని సంఘం కార్యవర్గానికి నా మనవి: భోగికి ముందు వచ్చే రెండు ఆదివారాలు పొద్దున 10 నుండి 12 వరకు సంఘం హాలు వరండాలో ఒక బల్ల వేద్దాం. లోపల కాదు, వరండాలో. పక్కన ఇసుక బకెట్టు. రిజిస్టరు నేను రాస్తాను: ఎవరింటి నుండి, ఏ సామాను, ఎన్ని. లాటు చేరగానే రిజిస్టర్ అయిన రీసైక్లరును పిలిచి, అప్పగించిన రసీదు తీసుకుని నోటీసు బోర్డులో పెడదాం. రసీదు ఇవ్వనివాడికి ఇవ్వవద్దు. ఇది గుమాస్తా బుద్ధి అనుకోండి, పరవాలేదు.

హోసూరు, బెంగళూరు, బరంపురం, యానాం వైపు వున్న మన బంధువులు కూడా ఇది చదువుతారని తెలుసు. మీ ఊళ్లో ఎక్కడ తీసుకుంటున్నారో, ఎలా తీసుకుంటున్నారో రాయండి. పక్క ఊరివాళ్లకు పనికొస్తుంది.

సంచి గురించి అడిగిన అక్కయ్యా, మీ సంచిని అటక నుండి దించి టేపు అంటించి పెట్టుకోండి. మోయలేకపోతే చెప్పండి, మంటలో వేద్దామన్న ఆ తమ్ముణ్ణే మీ ఇంటికి పంపుతాను. సైకిలు మీద తెస్తాడు.

అందరికీ ముందుగా భోగి, సంక్రాంతి శుభాకాంక్షలు.